ఆంగ్ల రచనలో పదాల ఎంపిక, వాక్య నిర్మాణం: క్రియతో మొదలుపెట్టే పద్ధతి

తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ చెప్పుకుంటూ వచ్చి, చిట్టచివర “నిర్ణయించారు” అనో “వాయిదా వేశారు” అనో ముగించే వెసులుబాటు మనకుంది. వాక్యం సగం రాసేదాకా క్రియ ఏదో తేల్చుకోకపోయినా ఇబ్బంది రాదు. ఆంగ్లంలో ఆ వెసులుబాటు లేదు. కర్త రాగానే క్రియ రావాలి, ఆ తరువాతే మిగిలినవన్నీ రావాలి. అందుచేత తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో రాసేవారు కర్తను రాసి, క్రియ దగ్గర ఆగి, చేతికి అందిన “మేడ్”, “టుక్”, “డిడ్”, “హ్యాడ్” వంటి మాటల్లో ఒకదాన్ని వేసి, అసలు పనిని నామవాచకంగా మార్చి దాని వెనక అతికిస్తారు. వాక్యం బరువెక్కడం అక్కడే మొదలవుతుంది.

పదాల ఎంపిక ఒక పాఠం, వాక్య నిర్మాణం మరో పాఠం అని మనకు విడదీసి నేర్పుతారు. అవి రెండూ ఒకే పని అన్నది నా గట్టి అభిప్రాయం. సరైన క్రియ దొరికితే తనకు ఎలాంటి కర్త కావాలో, ఎలాంటి కర్మ కావాలో, ఏ ప్రిపోజిషన్ కావాలో, లేక అసలు ప్రిపోజిషనే అక్కర్లేదో ఆ క్రియే చెబుతుంది. ఈ మార్గదర్శిని వ్యాకరణం మోస్తరుగా తెలిసి, పెద్దగా తప్పులు లేకుండా రాయగలుగుతూ, అయినా తమ ఆంగ్లం బిగుసుకుపోయినట్టుందని బాధపడే వారి కోసం రాస్తున్నాను. ఆంగ్ల ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను కనుక, వాటిని ఒక కాగితం మీద ఆంగ్ల లిపిలో రాసి పెట్టుకొని చదివితే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు: చిత్తుప్రతిలోని క్రియల కింద గీతలు గీయండి

మీరు ఇటీవల రాసిన ఒక పేజీ తీసుకొని ప్రతి వాక్యంలోని ప్రధాన క్రియ కింద గీత గీయండి. తరువాత ఆ క్రియలను మాత్రమే వరసగా చదవండి. “ఈజ్, వాజ్, మేడ్, హ్యాజ్, టుక్, వాజ్ డన్” అని వినిపిస్తే, ఆ పేజీలో జరిగిన పనులన్నీ క్రియల్లో కాక మరెక్కడో దాక్కొని ఉన్నాయన్నమాట. సాధారణంగా అవి “షన్”, “మెంట్”, “అన్స్”, “ఇటీ” వంటి శబ్దాలతో ముగిసే నామవాచకాల్లో ఉంటాయి.

ఈ అలవాటుకు మూలం మన శిష్ట తెలుగులోనే ఉంది. సంస్కృతం నుంచి నామవాచకాలను తెచ్చుకొని వాటికి “చేయు”, “జరుపు”, “తీసుకొను” వంటి క్రియలను చేర్చడం మనకు సహజం: చర్చలు జరిపారు, నిర్ణయం తీసుకున్నారు, పరిశీలన చేశారు. తెలుగులో ఇవి నిండైన వాక్యాలే. వీటిని ఉన్నవున్నట్టుగా ఆంగ్లంలోకి తీసుకెళితే “కండక్టెడ్ ఎ డిస్కషన్”, “టుక్ ఎ డెసిషన్”, “డిడ్ యాన్ ఎగ్జామినేషన్” అవుతాయి. ఆంగ్లంలో ఆ పనులకు నేరుగా క్రియలున్నాయి: డిస్కస్డ్, డిసైడెడ్, ఎగ్జామిన్డ్.

ఒక వాక్యాన్ని చూద్దాం. “ది కమిటీ టుక్ ఎ డెసిషన్ రిగార్డింగ్ ది పోస్ట్‌పోన్‌మెంట్ ఆఫ్ ది మీటింగ్.” దాక్కొన్న పనులు రెండు: డెసిషన్, పోస్ట్‌పోన్‌మెంట్. రెంటినీ క్రియలుగా మారిస్తే “ది కమిటీ డిసైడెడ్ టు పోస్ట్‌పోన్ ది మీటింగ్” అవుతుంది. నిర్ణయించడం, వాయిదా వేయడం వేరువేరు ఘట్టాలుగా చెప్పనవసరం లేకపోతే “ది కమిటీ పోస్ట్‌పోన్డ్ ది మీటింగ్” అంటే చాలు. పదకొండు మాటలు ఐదయ్యాయి. అంతకన్నా ముఖ్యంగా, “రిగార్డింగ్”, “ఆఫ్” అనే అతుకులు వాటంతటవే రాలిపోయాయి. వాటిని విడిగా ఏరి తీసివేసే పని మనకు పడలేదు.

నామవాచకాలన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. ముందు వాక్యంలో చెప్పిన పనిని తరువాతి వాక్యంలో ఒక్క మాటతో గుర్తు చేయాలంటే నామవాచకమే కావాలి. “ది కమిటీ పోస్ట్‌పోన్డ్ ది మీటింగ్. ది డెసిషన్ సర్‌ప్రైజ్డ్ ఎవ్రీవన్.” ఇక్కడ “డెసిషన్” తన చోటులో ఉంది. పనిని మొదటిసారి చెప్పేటప్పుడు క్రియ, రెండోసారి తలచుకునేటప్పుడు నామవాచకం అన్నది నేను పాటించే లెక్క.

రెండో మెట్టు: ఒక తెలుగు క్రియకు ఒకే ఆంగ్ల క్రియ ఉంటుందనే భ్రమను వదలండి

“వేయు” అన్న ఒక్క క్రియను తీసుకోండి. ఓటు వేస్తాం, తలుపు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, విత్తనాలు వేస్తాం, బొమ్మ వేస్తాం, కోర్టులో కేసు వేస్తాం. ఆంగ్లంలో వీటికి వరసగా కాస్ట్, షట్, పుట్ ఆన్, సో, డ్రా, ఫైల్ అనే ఆరు వేరువేరు క్రియలు కావాలి. “తీయు” కూడా అంతే: ఫోటో తీయడం “టేక్”, తలుపు తీయడం “ఓపెన్”, సినిమా తీయడం “మేక్”. నిఘంటువులో “వేయు” ఎదురుగా మొదట కనిపించే మాటను పట్టుకొని అన్నిచోట్లా వాడితే వాక్యం తప్పుగానో, ఎబ్బెట్టుగానో మారుతుంది.

ఇలాంటి చిక్కులే ఇంకా ఉన్నాయి. మన “చూడు” ఒక్కటే, ఆంగ్లంలో మూడు. కంటికి కనబడడం “సీ”, ఉద్దేశంతో చూపు తిప్పడం “లుక్”, కదిలే దాన్ని కొంతసేపు గమనిస్తూ ఉండడం “వాచ్”. “చెప్పు” అన్నదానికి “సే”, “టెల్” రెండూ వస్తాయి, కానీ “టెల్” వెంటనే వినే మనిషిని అడుగుతుంది, “సే” అడగదు. “హి టోల్డ్ మి దట్” సరైనది, “హి సెడ్ మి దట్” కాదు. క్రియను నేర్చుకోవడం అంటే దాని అర్థాన్ని మాత్రమే కాదు, దాని పక్కన ఎవరు కూర్చుంటారో కూడా నేర్చుకోవడం.

ప్రిపోజిషన్ తప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. మనం “దాని గురించి చర్చించారు” అంటాం కనుక “డిస్కస్డ్ అబౌట్ ఇట్” అని రాస్తాం. కానీ “డిస్కస్” అనే క్రియలోనే “గురించి” ఇమిడి ఉంది. “మెన్షన్” కూడా అలాంటిదే. “ఎంఫసైజ్” తరువాత “ఆన్” అక్కర్లేదు, “రిటర్న్” తరువాత తిరిగి అనే అర్థంలో “బ్యాక్” అక్కర్లేదు. మరోవైపు “నాకు వివరించు” అనే అలవాటుతో “ఎక్స్‌ప్లెయిన్ మి” అంటాం, అక్కడ “టు” తప్పనిసరి. వీటిని నియమాలుగా కంఠస్థం చేయడం కష్టం. క్రియను నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు ఒంటరిగా కాక, దాని కర్మతో కలిపి చిన్న వాక్యంగా రాసుకుంటే ప్రిపోజిషన్ ఉందో లేదో దానితోపాటే గుర్తుంటుంది.

స్థితిని చెప్పే క్రియల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. “నాకు అర్థమవుతోంది”, “నాకు గుర్తొస్తోంది” అని జరుగుతున్న పనిలా చెప్పడం తెలుగులో సహజం. ఆంగ్లంలో అండర్‌స్టాండ్, నో, రిమెంబర్, బిలాంగ్, ఓన్ వంటివి స్థితులుగా లెక్కకు వస్తాయి. అందువల్ల “ఐ యామ్ అండర్‌స్టాండింగ్” కాక “ఐ అండర్‌స్టాండ్” అనాలి. “హ్యావ్” సొంతం అనే అర్థంలో ఉంటే “ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్” కుదరదు. జరిపించడం అనే అర్థంలో “వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్” చక్కగా కుదురుతుంది.

మూడో మెట్టు: మాట ఏ పొరకు చెందినదో, ఎవరితో కలుస్తుందో చూడండి

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన తరువాత కొన్ని శతాబ్దాలపాటు అక్కడి రాజాస్థానంలో, న్యాయస్థానాల్లో ఫ్రెంచి రాజ్యమేలింది. చర్చిలో, విద్యలో లాటిన్ ఉండనే ఉంది. ఇంట్లో, పొలంలో జనం ఆంగ్లమే మాట్లాడారు. దాని ఫలితం నేటికీ ఆంగ్ల పదకోశంలో పొరలుగా కనిపిస్తుంది. హెల్ప్ పాత ఇంటి మాట, అసిస్ట్ బయటనుంచి వచ్చిన మాట. బిగిన్, కమెన్స్ జంట కూడా అంతే. “అడుగు” అనే అర్థంలో “ఆస్క్” పాత ఆంగ్లం, “క్వశ్చన్” ఫ్రెంచి ద్వారా వచ్చింది, “ఇంటరాగేట్” లాటిన్ నుంచి వచ్చింది. చివరిది విన్నప్పుడు పోలీసు విచారణ మనసులో మెదులుతుంది.

తెలుగు చదువరికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు. మనకు నీరు, జలం ఉన్నాయి. ఇల్లు, గృహం ఉన్నాయి. “నీళ్లు తాగాను” అనే చోట “జలపానం చేశాను” అంటే వినేవారు ఒక్క క్షణం తలెత్తి చూస్తారు. ఆంగ్లంలో “ఐ పర్చేజ్డ్ ఎ పెన్”, “ఐ కమెన్స్డ్ రీడింగ్” అన్నప్పుడు ఆ భాషవారికి అదే అనుభవం కలుగుతుంది. పెద్ద మాట వాడితే పాండిత్యం కనబడుతుందనే నమ్మకం మనలో బలంగా ఉంది. పరీక్షల కోసం కఠినపదాల జాబితాలు బట్టీ పట్టిన వారిలో మరీ బలంగా ఉంటుంది. ఒప్పంద పత్రంలో “కమెన్స్” రాయడం సబబే, స్నేహితుడికి రాసే ఉత్తరంలో “స్టార్ట్” చాలు. రాసే సందర్భానికి ఏ పొర తగినదో ముందే నిర్ణయించుకొని, వ్యాసమంతా దాదాపు అదే పొరలో నడపండి.

పొర ఒక్కటే చాలదు, మాటల సాంగత్యం కూడా చూడాలి. “కటిక చీకటి” అంటాం, “కటిక పేదరికం” అంటాం. “కటిక వెలుగు” అని ఎవరూ అనరు, ఎందుకని అడిగితే కారణమూ చెప్పలేరు. ఆంగ్లంలో ఇలాంటి జతలు వేలకొద్దీ ఉన్నాయి. వర్షం “హెవీ”, గాలి “స్ట్రాంగ్”. కటిక చీకటి “పిచ్ డార్క్”, కటిక పేదరికం “యాబ్జెక్ట్ పావర్టీ”. తప్పు చేయడం “మేక్ ఎ మిస్టేక్”, నేరం చేయడం “కమిట్ ఎ క్రైమ్”, హోంవర్క్ చేయడం “డు హోంవర్క్”. మన “చేయు” మూడుచోట్లా ఒక్కటే. వ్యాకరణం ఎంత సరిగా ఉన్నా ఈ జతలు చెడితే వాక్యం పరాయిదిగా వినిపిస్తుంది, అందుకే కొత్త నామవాచకం నేర్చుకున్న ప్రతిసారీ దానికి ఏ క్రియ, ఏ విశేషణం జతకడతాయో కూడా వెదకాలని పట్టుబట్టి చెబుతాను.

మాటకు అర్థంతోపాటు రుచి కూడా ఉంటుంది. డబ్బు జాగ్రత్తగా వాడే మనిషిని “థ్రిఫ్టీ” అంటే మెచ్చుకోలు, “స్టింజీ” అంటే నింద. సన్నగా ఉన్నవారిని “స్లెండర్” అంటే అందం, “స్కిన్నీ” అంటే తరచుగా లోపం. మన దేశపు ఆంగ్లంలో స్థిరపడి, బయటివారికి వేరుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. “డౌట్” మనకు ప్రశ్న, వారికి అపనమ్మకం. “రివర్ట్” మనకు జవాబివ్వడం, వారికి పూర్వస్థితికి పోవడం. “ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ రిపోర్ట్” అని రాస్తే నివేదికనే శంకిస్తున్నామని అనుకుంటారు, “ఐ హ్యావ్ ఎ క్వశ్చన్” అంటే సరిపోతుంది. మనలో మనం రాసుకునేటప్పుడు ఈ మాటలను తప్పుపట్టను. చదివేవారు ఎక్కడివారో తెలియనప్పుడు మాత్రం మార్చడమే మేలు.

ఈ మెట్టులో పరికరాలు అవసరం. పర్యాయపద కోశం విషయంలో నాది గట్టి హెచ్చరిక: పీటర్ మార్క్ రోజే 1852లో ప్రచురించిన కోశం నుంచి నేటి ఆన్‌లైన్ జాబితాల వరకు అన్నీ దగ్గరి అర్థాల మాటలను ఒకచోట చేరుస్తాయి తప్ప, వాటి మధ్య తేడాలను పెద్దగా చెప్పవు. మీకు ముందే తెలిసి, సమయానికి గుర్తురాని మాటను తిరిగి పట్టుకోవడానికే దాన్ని వాడండి. ఎన్నడూ చదవని మాటను అక్కడినుంచి ఎత్తి వాక్యంలో పెట్టకండి. నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువులు ఇంతకన్నా చాలా నమ్మదగినవి. లాంగ్‌మన్ సంస్థ నేర్చుకునేవారి కోసం 1978లో తెచ్చిన నిఘంటువులో అర్థాలన్నీ సుమారు 2,000 పరిచిత పదాలతోనే వివరించారు. ప్రతి అర్థం కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలే అసలు నిధి. పదబంధం వాడుకలో ఉందో లేదో తేల్చాలంటే వాస్తవ రచనలను పోగుచేసిన కార్పస్‌లు ఉన్నాయి. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో సుమారు 10 కోట్ల పదాలు, సమకాలీన అమెరికన్ ఆంగ్ల కార్పస్‌లో 100 కోట్లకు పైగా పదాలు ఉన్నాయి. “హెవీ విండ్”, “స్ట్రాంగ్ విండ్” రెంటినీ వెదికి ఏది ఎన్నిసార్లు వచ్చిందో చూడండి, సందేహం తీరిపోతుంది.

నాలుగో మెట్టు: కర్తకూ క్రియకూ మధ్య దూరం తగ్గించండి

తెలుగులో విశేషణాలన్నీ నామవాచకానికి ముందే వస్తాయి: “నిన్న సాయంత్రం మీరు పంపిన ఉత్తరం”. ఆంగ్లంలో ఇలాంటి పొడవైన విశేషణాలు వెనక వస్తాయి. దాంతో కర్త వెనక పెద్ద తోక మొలిచి క్రియను దూరంగా నెట్టేస్తుంది. “ది రిపోర్ట్ దట్ ది టీమ్ విచ్ విజిటెడ్ ది ఫ్యాక్టరీ లాస్ట్ మంత్ ప్రిపేర్డ్ ఈజ్ ఇన్‌కంప్లీట్.” “రిపోర్ట్” అన్న తరువాత “ఈజ్” కోసం చదువరి పది మాటలు మోసుకుంటూ పోవాలి. దీన్ని ఇలా విప్పవచ్చు: “ఎ టీమ్ విజిటెడ్ ది ఫ్యాక్టరీ లాస్ట్ మంత్. ఇట్స్ రిపోర్ట్ ఈజ్ ఇన్‌కంప్లీట్.” కర్త, క్రియ పక్కపక్కనే కూర్చున్నాయి, తోకలు పోయాయి.

అలాగే కారణాలన్నీ ముందు చెప్పి ఫలితాన్ని చివర చెప్పే “కాబట్టి” వాక్యం మనకు ప్రియమైనది. అందులో ఒక కారణం ఉంటే ఆంగ్లంలోనూ బాగానే ఉంటుంది. మూడు కారణాలుంటే ఫలితాన్ని ముందు చెప్పి కారణాలను వెనక పేర్చండి. ఆంగ్ల వాక్యం ప్రధాన వాక్యం కుదురుకున్నాక కుడివైపు ఎంత పొడవు పెరిగినా చదువరి అలసిపోడు, ఎడమవైపు పెరిగితేనే అలసిపోతాడు.

క్త్వార్థకాల, అంటే “వెళ్లి”, “ఇచ్చి” వంటి అసమాపక క్రియల గొలుసు మరో సమస్య. “కార్యాలయానికి వెళ్లి, దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకొని, తిరిగి వచ్చాను” అన్నది ఒకే వాక్యం, దానిలో ఒకే సమాపక క్రియ. ఆంగ్లంలో ప్రతి “ఇ”కి ఒక “అండ్” పెడితే నాలుగు సమాన బరువున్న పనులు వరసకట్టి నిలుస్తాయి, ఏది ముఖ్యమో తెలియదు. ముందు ఏ పని కోసం ఈ వాక్యం రాస్తున్నారో తేల్చుకోండి. రసీదే ముఖ్యమైతే దాన్ని ప్రధాన క్రియ చేయండి: “వెన్ ఐ సబ్మిటెడ్ ది అప్లికేషన్ ఎట్ ది ఆఫీస్, ఐ గాట్ ఎ రిసీట్.” తిరిగి రావడం చెప్పనే అక్కర్లేదు.

తెలుగు వాక్యాల మధ్య కామా పెట్టి సాగిపోవడం మనకు చెల్లుతుంది. ఆంగ్లంలో రెండు పూర్తి వాక్యాలను కామాతో మాత్రమే అతికించడం శిష్ట రచనలో తప్పు. “హవెవర్” వాటి మధ్య వచ్చినా తప్పే, ఎందుకంటే అది “అండ్”, “బట్” లాగా రెండు వాక్యాలను కలిపే సముచ్చయం కాదు. ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టి, తరువాత “హవెవర్” రాసి కామా పెట్టాలి.

ఐదో మెట్టు: కర్త ఎవరో చదువరికి ఎప్పుడూ తెలిసేలా చూడండి

“రోడ్డు మీద నడుస్తూ వాన మొదలైంది” అని తెలుగులో ఎవరూ రాయరు. “నడుస్తుండగా వాన మొదలైంది” అంటాం. ఒకే కర్త ఉంటే “తూ”, కర్తలు వేరైతే “ఉండగా”. ఈ తేడాను మన చెవి అడగకుండానే పాటిస్తుంది. ఆంగ్లంలోని “వాకింగ్ డౌన్ ది రోడ్” మన “నడుస్తూ” లాంటిది, “నడుస్తుండగా” లాంటిది కాదు. అందువల్ల “వాకింగ్ డౌన్ ది రోడ్, ది రెయిన్ బిగాన్” అంటే వానే రోడ్డు మీద నడిచినట్టవుతుంది. “యాజ్ ఐ వాజ్ వాకింగ్ డౌన్ ది రోడ్, ది రెయిన్ బిగాన్” అంటే కర్తలు విడివిడిగా నిలుస్తారు. “ఇంగ్”తో మొదలయ్యే ప్రతి వాక్యాన్నీ తెలుగులో “తూ” పెట్టి చూసుకోండి, కుదరకపోతే “యాజ్”, “వైల్”, “వెన్” వాడండి. ఆంగ్లవారు సైతం పొరబడే ఈ చోట తెలుగు చెవి మనకు మంచి తోడు.

కర్మణి వాక్యం, అంటే ప్యాసివ్ వాయిస్, ఎప్పుడూ వాడకూడదనే సలహా చాలామంది ఇస్తారు. నేను దాంతో ఏకీభవించను. తెలుగులో “వంతెన కట్టారు” అంటాం, కట్టిందెవరో చెప్పకుండానే. దీన్ని “దే బిల్ట్ ది బ్రిడ్జ్” అని రాస్తే “దే” అంటే ఎవరని చదువరి వెనక్కి చూస్తాడు. “ది బ్రిడ్జ్ వాజ్ బిల్ట్” అన్నదే ఇక్కడ సరైన వాక్యం. చేసినవారు తెలియనప్పుడు, తెలిసినా ముఖ్యం కానప్పుడు, లేదా పేరా అంతా వంతెన గురించే సాగుతున్నప్పుడు కర్మణి వాడండి. చేసినవారి బాధ్యతను కప్పిపుచ్చడానికి “మిస్టేక్స్ వర్ మేడ్” అన్నట్టుగా మాత్రం వాడకండి.

“దిస్” ఒంటరిగా వాక్యం మొదట కూర్చున్నప్పుడు కూడా ఇదే ప్రశ్న: “దిస్” అంటే ఏది? దాని పక్కన ఒక నామవాచకం చేర్చండి: “దిస్ డిలే”, “దిస్ రిఫ్యూజల్”. ఆ నామవాచకం దొరకకపోతే, ముందు వాక్యం ఏం చెప్పిందో మీకే స్పష్టంగా లేదన్నమాట.

ఇక ఆర్టికల్ విషయం క్లుప్తంగా చెబుతాను. మన భాషలో అవి లేవు కనుక పూర్తిగా చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. రాసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నానో చదువరి గుర్తుపట్టగలడా? గుర్తుపట్టగలిగితే “ది”. గుర్తుపట్టలేకపోతే, లెక్కపెట్టదగిన ఒక్క వస్తువుకు “ఎ” లేదా “యాన్”. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఎక్విప్‌మెంట్, ఫర్నిచర్ లెక్కపెట్టే మాటలు కావు కనుక వాటికి “ఎ” గానీ బహువచనం “ఎస్” గానీ చేర్చకూడదు.

ఆరో మెట్టు: వాక్యం చివరి చోటును వృథా చేయకండి

తెలుగులో నొక్కి చెప్పాలంటే మాటకు “ఏ” చేరుస్తాం: “నిన్ననే కలిశాను”, “ఆమే చెప్పింది”. ఆంగ్లంలో ఆ ప్రత్యయం లేదు కనుక దాని చోట “ఓన్లీ” అతికించి “యెస్టర్డే ఓన్లీ ఐ మెట్ హిమ్” అంటాం. ఆంగ్లం ఈ పనిని ఎక్కువగా మాట చోటుతో చేస్తుంది. వాక్యం చివర, ఫుల్‌స్టాప్‌కు ముందున్న చోటు మీద బరువు సహజంగా పడుతుంది.

ఈ రెండు వాక్యాలు చదవండి. “ది మెడిసిన్ వర్క్స్, బట్ ఇట్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్.” “ది మెడిసిన్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్, బట్ ఇట్ వర్క్స్.” చెప్పిన సంగతులు రెంటిలోనూ అవే. మొదటిది చదివినవారు మందు కొనరు, రెండోది చదివినవారు కొంటారు. మీ అభిప్రాయం ఏదో ఆ సగాన్ని చివర పెట్టండి. “ఇన్ మై ఒపీనియన్”, “యాజ్ ఫార్ యాజ్ ఐ నో” వంటి తేలిక మాటలతో వాక్యాన్ని ముగిస్తే ఆ బలమైన చోటు వాటి పాలవుతుంది.

వాక్యం మొదటి చోటుకు వేరే పని ఉంది. చదువరికి అప్పటికే తెలిసినదాన్ని అక్కడ పెట్టి, కొత్తదాన్ని చివరికి తీసుకెళ్లాలి. ఆ కొత్తదే తరువాతి వాక్యానికి మొదలవుతుంది. “ది ల్యాబ్ బాట్ ఎ న్యూ మైక్రోస్కోప్. ది మైక్రోస్కోప్ షోడ్ క్రాక్స్ ఇన్ ది మెటల్. ది క్రాక్స్ ఎక్స్‌ప్లెయిన్డ్ ది ఫెయిల్యూర్.” ఒక వాక్యం చివర చేయి చాస్తే తరువాతి వాక్యం మొదట ఆ చేతిని అందుకుంటోంది. పేరా అతుకులు అతుకులుగా ఉందని ఎవరైనా అన్నప్పుడు “మోరోవర్”, “ఫర్దర్‌మోర్” చేర్చడం మన మొదటి ఆలోచన అవుతుంది. వాటిని చేర్చేముందు ప్రతి వాక్యం మొదటి మాటను, చివరి మాటను పక్కపక్కన రాసి చూడండి. చాలాసార్లు ఒక వాక్యాన్ని తిప్పి రాస్తే చాలు, అతుకుమాట అక్కర్లేదు.

ఏడో మెట్టు: ఇప్పుడు కత్తిరించండి

కత్తిరింపును చివరకు ఉంచడానికి కారణం ఉంది. క్రియలు కుదిరి, కర్తలు దగ్గరై, బరువు చివరికి చేరాక, తీసివేయాల్సినవి సగం ముందే పోయి ఉంటాయి. మిగిలినవాటిలో “డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్” స్థానంలో “బికాజ్”, “ఎట్ దిస్ పాయింట్ ఇన్ టైమ్” స్థానంలో “నౌ”, “ఇన్ ఆర్డర్ టు” స్థానంలో చాలాచోట్ల “టు” సరిపోతాయి. “నల్ అండ్ వాయిడ్”, “సీజ్ అండ్ డెసిస్ట్” వంటి జంటలు న్యాయపత్రాల్లో తరాలుగా పాతుకుపోయినవి, అక్కడే ఉండనివ్వండి. మామూలు రచనలో “ఈచ్ అండ్ ఎవ్రీ” బదులు “ఎవ్రీ” చాలు. “వెరీ” కనిపించిన చోట దాన్ని తీసి చదవండి. అర్థం మారకపోతే దాన్ని తీసేయండి, బలం తగ్గితే ఆ విశేషణం స్థానంలో బలమైనది వెదకండి: “వెరీ టైర్డ్” బదులు “ఎగ్జాస్టెడ్”. వరసగా చెప్పే మూడు సంగతులు ఒకే రూపంలో ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి. “టు రీడ్, రైటింగ్, అండ్ డిస్కషన్” అన్న వరస “రీడింగ్, రైటింగ్ అండ్ డిస్కసింగ్” అయితే చెవికి ఆనుతుంది.

ఎనిమిదో మెట్టు: అనువదించి, దాచి, తిరిగి రాయండి

పై మెట్లన్నీ రాసినదాన్ని దిద్దడానికి. మొదటిసారే బాగా రాయడం అలవాటు కావాలంటే ఒక సాధన అవసరం. 16వ శతాబ్దపు ఇంగ్లండులో రోజర్ ఆషమ్ అనే ఉపాధ్యాయుడు లాటిన్ నేర్పడానికి సూచించిన పద్ధతి అది: లాటిన్ భాగాన్ని ఆంగ్లంలోకి మార్చి, కొంత వ్యవధి ఇచ్చి, దాన్ని తిరిగి లాటిన్‌లోకి రాసి మూలంతో పోల్చడం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇంచుమించు ఇలాంటిదే చేశాడు. నచ్చిన వ్యాసాల్లోని ప్రతి వాక్యం భావాన్ని క్లుప్తంగా రాసిపెట్టుకొని, కొన్ని రోజుల తరువాత మూలం చూడకుండా ఆ వ్యాసాన్ని తన మాటల్లో పూర్తిచేసి, తరువాత పోల్చి తప్పులు దిద్దుకున్నాడు.

తెలుగువారికి ఈ రెండు పద్ధతులూ కలిపితే అద్భుతంగా ఉపయోగపడతాయి. మీకు నచ్చిన రచయిత వచనం నుంచి వంద మాటల పేరా ఒకటి ఎంచుకోండి. దాన్ని చక్కని తెలుగులోకి, తెలుగు నుడికారంతో మార్చండి. మూడు నాలుగు రోజులు పక్కన పెట్టండి. తరువాత మీ తెలుగు పేరాను మాత్రమే చూస్తూ ఆంగ్లంలోకి తిరిగి రాయండి. అప్పుడు మూలాన్ని తీసి వాక్యం వాక్యంగా పోల్చండి. మీరు నామవాచకం వాడిన చోట ఆయన క్రియ వాడి ఉంటాడు. మీరు మూడు వాక్యాలుగా విరిచినది ఆయన ఒకే వాక్యంగా, కుడివైపుకు సాగదీసి రాసి ఉంటాడు. తెలుగుకూ ఆంగ్లానికీ మధ్య మీ చేయి ఎక్కడ జారుతోందో ఇంత స్పష్టంగా చూపించే గురువు మరొకరు లేరు. వారానికి ఒక పేరా చాలు. జారిన ప్రతి చోటునూ నోట్‌బుక్‌లో ఎడమ పక్క మీ వాక్యం, కుడి పక్క మూల వాక్యం రాసి ఉంచుకోండి.

ఒక పేరాను చివరిదాకా దిద్ది చూద్దాం

ఒక నివేదికలోని వాక్యాలివి: “డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్ ది సర్వర్ వాజ్ నాట్ వర్కింగ్ అండ్ ది స్టాఫ్ వర్ నాట్ అవైలబుల్, ఎ డెసిషన్ వాజ్ టేకెన్ బై ది మేనేజర్ ఫర్ ది పోస్ట్‌పోన్‌మెంట్ ఆఫ్ ది ఎగ్జామ్. దిస్ కాజ్డ్ ఇన్‌కన్వీనియన్స్ టు ది స్టూడెంట్స్.”

వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. క్రియలు చూడండి: వాజ్, వర్, వాజ్ టేకెన్, కాజ్డ్. అసలు పని “పోస్ట్‌పోన్‌మెంట్”లో దాగింది, దాన్ని బయటికి తీయాలి. చేసింది మేనేజర్, అతన్ని కర్త చేయాలి. కారణాలు రెండు ముందు వచ్చాయి, అవి కుడివైపుకు పోవాలి. “నాట్ అవైలబుల్” అంటే ఏం జరిగింది? సర్వర్‌ను బాగుచేసేవారు ఎవరూ లేరు, ఆ మాటే రాయాలి. “దిస్” అంటే ఏది? “ఇన్‌కన్వీనియన్స్” అంటే విద్యార్థులకు జరిగిందేమిటి? దూరం నుంచి వచ్చి, పరీక్ష రాయకుండా ఇళ్లకు తిరిగి వెళ్లారు.

దిద్దిన రూపం: “ది మేనేజర్ పోస్ట్‌పోన్డ్ ది ఎగ్జామ్ బికాజ్ ది సర్వర్ హ్యాడ్ ఫెయిల్డ్ అండ్ నో వన్ వాజ్ దేర్ టు రిపెయిర్ ఇట్. స్టూడెంట్స్ హు హ్యాడ్ ట్రావెల్డ్ లాంగ్ డిస్టెన్సెస్ వెంట్ హోమ్ వితవుట్ టేకింగ్ ది ఎగ్జామ్.”

ఇది పై అధికారులకు పంపే నివేదిక కనుక మేనేజర్ పేరుతో వాక్యం మొదలైంది. అదే సమాచారాన్ని విద్యార్థుల కోసం నోటీసుగా అంటించాలంటే మళ్లీ మార్చాలి. వారికి మేనేజర్ ఎవరో అనవసరం, వారి మనసులో ఉన్నది పరీక్ష. అప్పుడు “ది ఎగ్జామ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్ బికాజ్ ది సర్వర్ హ్యాజ్ ఫెయిల్డ్” అని కర్మణిలోనే మొదలుపెట్టి, కొత్త తేదీని తరువాతి వాక్యం చివరి మాటగా రాయాలి.